కనుమ దాటేదాకా

ఉగాది దగ్గర పడుతుంటే ఆత్మకూరు వీధుల్లో కన్నడం వినిపిస్తుంది. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి వేలాది మంది కాలినడకన శ్రీశైలం వెళుతుంటారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పుట్టింటి సారె తీసుకుపోతున్నామన్న సంబరంలో ఎండను లెక్కచేయరు. కొందరు చెప్పులు కూడా వేసుకోరు, కొందరు మరకాళ్లు కట్టుకుని నడుస్తారు. వెంకటాపురం దాటి అడవిలో అడుగు పెడితే నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, ఆ తరువాత భీముని కొలను లోయ, కైలాస ద్వారం. దారి పొడవునా దాతలు అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, కాళ్లకు నూనె రాస్తారు. దేవస్థానమూ ప్రభుత్వమూ అక్కడక్కడా వైద్య శిబిరాలు పెడతాయి. ఇంతమంది ఇంత అడవిని దాటి క్షేమంగా దేవుడి ముందు నిలబడుతున్నారంటే ఆ చేతులన్నిటికీ దండం పెట్టాలి.

అయినా ఏదో ఒక మధ్యాహ్నం, ఒక శిబిరానికీ ఇంకో శిబిరానికీ మధ్య, భీముని కొలను మెట్ల మీద ఒక పెద్దాయన కూలబడిపోతాడు. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. అక్కడికి బండి రాదు. కిందికి దింపాలన్నా, పైకి ఎక్కించాలన్నా మనుషులే మోయాలి. ఆ రెండు మూడు గంటలు ఆయన పక్కన ఎవరుంటారు, వాళ్లకు ఏం తెలుసు అన్నదాని మీదే ఆయన ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మన ఊళ్లలో ప్రథమ చికిత్స తరగతులు జరగవని కాదు. కాలేజీల్లో ఎన్‌.ఎస్‌.ఎస్‌. పిల్లలకు, ఎన్‌.సి.సి. పిల్లలకు చెబుతారు. రెడ్‌క్రాస్ చెబుతుంది, సెయింట్ జాన్ అంబులెన్స్ చెబుతుంది. ఒక హాలు, ఒక రబ్బరు బొమ్మ, ఒక తెర ఉంటాయి. చెప్పేవాళ్లు శ్రద్ధగానే చెబుతారు. ఆ పాఠాలన్నీ చివరికి ఒక్క వాక్యం దగ్గర ఆగుతాయి: వెంటనే 108కి ఫోన్ చేయండి. అది మంచి వాక్యం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ ఎన్ని లక్షల ప్రాణాలను నిలబెట్టిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నల్లమలలో, లంకమలలో, పాలకొండల్లో, ఎర్రమలల్లో ఆ వాక్యం దగ్గరే అసలు పాఠం మొదలవ్వాలి. ఫోన్ కలవనప్పుడు ఏం చేయాలి? కలిసినా బండి కనుమ కిందే ఆగిపోతే ఏం చేయాలి? ఆ గంట, ఆ రాత్రి ఎలా గడపాలి?

కొండలెక్కేవాళ్ల లోకంలో ఈ ప్రశ్నలకు ఎన్నడో జవాబులు వెతికారు. డార్జిలింగ్‌లో 1954లో, ఉత్తరకాశిలో 1965లో పర్వతారోహణ సంస్థలు మొదలయ్యాయి. మంచులో మనిషిని మోయడం, విరిగిన కాలితో రాత్రంతా కాపాడటం అక్కడి చదువులో భాగాలు. ఆసుపత్రి చేరడానికి గంట దాటే ప్రతి చోటునూ ఇలాంటి ప్రథమ చికిత్స శిక్షణ మారుమూలగానే లెక్కిస్తుంది. ఆ లెక్కన చూస్తే కర్నూలు, కడప సీమలో ఎన్ని చోట్లు మారుమూలలో! హిమాలయాలు అక్కర్లేదు. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కే దారి చాలు. గండికోట కింద పెన్న ఇసుక చాలు. సిద్ధవటం దాటిన ముళ్ల పొదల అడవి, తుగ్గలి ఎర్రమట్టి చేలు చాలు. మంచుకు బదులు ఇక్కడ ఎండ ఉంది.

నల్లమల ఎంత లోతైనదో రాష్ట్రమంతటికీ ఒకసారి తెలిసింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఆ అడవి మీద కనపడకుండా పోయింది. విమానాలు ఎగిరాయి, బలగాలు దిగాయి, చెంచులు గుట్టలన్నీ గాలించారు. పావురాలగుట్ట మీద శకలాలు కనపడేసరికి ఇంచుమించు ఒక రోజు గడిచిపోయింది. అందులో ఉన్న ఐదుగురిలో ఎవరినైనా ప్రథమ చికిత్స బతికించగలిగేదని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ దేశమంతా ఒక్క మనిషి కోసం వెతికినప్పుడే అంత సమయం పట్టిన అడవిలో, తునికాకుకు పోయి కాలు జారిన ఒక చెంచు తల్లిని వెతకడానికి ఎవరు వస్తారు, ఎంతసేపటికి వస్తారు?

మన సీమలో ఇంటికి దూరంగా మనిషిని పడగొట్టేవి ఎక్కువ లేవు. పాము, ఎండ, పిడుగు, జారిపడటం, అప్పుడప్పుడూ ఎలుగుబంటి. వీటిలో పాము గురించి ఎక్కువ చెప్పుకోవాలి. మనకు బాగా తెలుసనుకుంటున్నదీ, మనం ఎక్కువగా తప్పు చేసేదీ అక్కడే.

2000 నుంచి 2019 వరకు ఈ దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. దాదాపు అందరూ పల్లె మనుషులే. సగం మరణాలు వానాకాలంలోనే. మృతుల్లో ఎక్కువమంది ఆసుపత్రిలో కాదు, బయటే ప్రాణం విడిచారు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంకల్పించింది. 2024 మార్చిలో కేంద్రం కూడా అదే లక్ష్యంతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళికలు ఢిల్లీలో రాస్తారు. కాటు మాత్రం శనగ చేనులో, గొర్రెల మంద దగ్గర, కళ్లంలో పడుతుంది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషానికీ కలిపి మన దగ్గర ఒకటే మందు ఉంది. అది ఆసుపత్రిలోనే ఎక్కించాలి. అడవిలో ఎవరి చేతిలోనూ ఉండదు, ఉండకూడదు కూడా. మరి అడవిలో ఉన్న మనిషి చేయగలిగింది ఏమిటి? విషం ఒంట్లో పాకే వేగాన్ని పెంచకుండా ఉండటం. అంతే. ఇది వినడానికి ఎంత చిన్న మాటో, చేయడానికి అంత కష్టం. కాటు పడ్డ మనిషి పరుగెత్తుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు తాడో, చీర కొంగో తీసి కాలికి బిగించి కడతారు. బ్లేడుతో కోస్తారు, నోటితో పీలుస్తారు, ఏదో పసరు పోస్తారు. ప్రేమతోనే చేస్తారు ఇదంతా. బిగించిన కట్టు కింద కండ చచ్చిపోతుంది. రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది కాబట్టి, కోసిన చోట నుంచి కారడం ఆగదు. చేయవలసిందల్లా మనిషిని కదలనీయకుండా పడుకోబెట్టడం, కాటు పడ్డ కాలికో చేతికో అటూ ఇటూ బద్దలు పెట్టి వదులుగా కట్టడం, వాపు రాకముందే కడియాలు, ఉంగరాలు, మెట్టెలు తీసేయడం, కాటు పడ్డ సమయం గుర్తు పెట్టుకోవడం, మోసుకుపోవడం. పుత్తూరు కట్టు ఎరిగిన సీమలో బద్దలు కట్టడం గురించి కొత్తగా నేర్పవలసింది తక్కువే. బద్ద ఎందుకు కడతామో చెబితే చాలు, చేతులకు పని తెలుసు.

కట్లపాము మరో రకం. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు గుర్తూ కనపడదు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటాడు, మాట ముద్దగా వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి. నిద్ర చాలలేదనుకుంటారు, లేదా దయ్యం సోకిందనుకుంటారు. కొండ కింద మందను ఆపుకుని గొంగళి పరుచుకుని పడుకునే గొర్రెల కాపరికి ఈ వాలిన రెప్పల సంగతి తెలిసి ఉండటం పది నినాదాల కన్నా ఎక్కువ. దోమతెర కింద పడుకుంటే ఈ కాటు నుంచి చాలావరకు తప్పించుకోవచ్చన్నదీ తెలియాలి.

ఒకే పని ఒక చోట ప్రాణం పోసి, మరో చోట ప్రాణం మీదికి తెస్తుంది. శిక్షణ లేకుండా ఇది తెలియదు. గొడ్డలి జారి తొడ తెగి రక్తం చిమ్ముతుంటే, గట్టిగా అదిమినా ఆగకపోతే, పైన బిగించి కట్టాల్సిందే, కట్టిన వేళ రాసి పెట్టాల్సిందే. పాముకాటుకు అదే కట్టు వద్దు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాళ్ల గనుల్లో కాలి మీద బండ పడ్డ కూలీకీ, ఆ బండ కింద చేయి పెట్టి తేలు కుట్టించుకున్న అతని పక్కవాడికీ చేయవలసినది ఒకటి కాదు. ఎర్రతేలు కుట్టిన చిన్నపిల్లవాడికి ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులై, కాళ్లూ చేతులూ చల్లబడితే అది నొప్పితో పోయే కాటు కాదు. గుండె మీదికి వస్తోంది, ఒక్క నిమిషం ఆగకూడదు. ఆ తేలు విషానికి ప్రాజోసిన్ అనే మాత్ర పనిచేస్తుందని చూపింది మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేస్తూ వచ్చిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. నగరంలోని పరిశోధనశాల కాదు, పల్లె ఆసుపత్రి కనిపెట్టిన దారి అది.

ఎండ సంగతి. కర్నూలు, నంద్యాల, కడప పేర్లు ఏప్రిల్, మే నెలల్లో రోజూ పత్రికల మొదటి పేజీలో ఉంటాయి. 45 డిగ్రీలు దాటినా మనకు వింతగా ఉండదు, అలవాటు పడ్డామనుకుంటాం. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లు కూడా ఎండకు అలవాటు పడ్డవాళ్లే. వడదెబ్బకు ఒక గుర్తు ఉంది, దాన్ని ప్రతి ఉపాధి హామీ మేస్త్రీ, ప్రతి యాత్రా బృందం పెద్ద నేర్చుకోవాలి. మనిషి తికమకగా మాట్లాడటం, తూలటం, అడిగినదానికి పొంతన లేని జవాబివ్వడం. దాహమూ నీరసమూ ఉన్నంతవరకు నీడా నీళ్లూ చాలు. మాట తడబడిందంటే మెదడు ఉడుకుతోందని అర్థం. అప్పుడు మోసుకుపోవడం కన్నా ముందు చల్లబరచాలి. గుడ్డలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసరాలి. తాగే నీళ్లు తప్ప వేరే నీళ్లు లేకపోతే అవే పోయాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు. ఇది మన వాళ్లకు చెప్పడం చాలా కష్టం. పడిపోయినవాడి నోట్లో గుక్కెడు నీళ్లు పోయకపోతే పాపమన్న నమ్మకం మనలో తరాలుగా ఉంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవి పెట్టడం వల్ల అతనికి హానీ లేదు, మేలూ లేదు. కానీ అందరూ తాళంచెవి వెతికే ఆ సమయంలో అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టేవాడు ఉండడు.

నడిచేవాళ్లు వట్టి నీళ్లే తాగి, చెమటతో పోయిన ఉప్పును మరిచిపోతారు. మన పెద్దవాళ్ల సద్దిలో ఉప్పేసిన మజ్జిగ ఊరికే లేదు. లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే చాలన్న సూత్రం వెనుక ఒక యుద్ధ కాలపు కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన బనగావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. కలకత్తా వైద్యుడు దిలీప్ మహాలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ, సోడాబైకార్బ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చారు. మరణాలు 30 శాతం దాకా ఉన్న చోట నాలుగు శాతం లోపుకి దిగాయి. డాక్టరు చేతిలోని పనిని తల్లి చేతికి, అన్న చేతికి ఇచ్చిన రోజు అది. మారుమూల ప్రథమ చికిత్స అంటే ఇదే.

తొలకరికి కర్నూలు పడమటి మండలాల్లో ఒక జాతర జరుగుతుంది. దేవుడు లేని జాతర. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ఎర్రచేలల్లో వాన కడిగిన మట్టిలో వజ్రం దొరుకుతుందని చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి జనం వచ్చి పడతారు. చెట్ల కింద, బడి వరండాల్లో, గుడి అరుగుల మీద పడుకుంటారు. తెల్లారితే తల వంచుకుని చేలంతా తిరుగుతారు. నిజంగానే అప్పుడప్పుడూ ఒకరికి రాయి దొరుకుతుంది, ఆ వార్త చదివి ఇంకో వంద మంది వస్తారు. ఆ చేలకు చెట్టు నీడ కూడా తక్కువ. అదే తొలకరి మబ్బు పిడుగులనూ తెస్తుంది. పిడుగుపాటుతో దేశంలో ఏటా 2,000కు పైగా చనిపోతారు, ఎక్కువమంది పొలాల్లోనే. చెట్టు కిందికి పరుగెత్తడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ చెట్టే పిడుగును పిలుస్తుంది. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయమూ ఉంది. కొట్టదు. అతని ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. గుండె ఆగి, ఊపిరి ఆగి పడి ఉన్నా, వెంటనే రొమ్ము మీద గట్టిగా, ఆగకుండా అదుముతూ, నోట్లో ఊపిరి ఊదుతూ ఉంటే తిరిగి లేచే అవకాశం మిగతా ప్రమాదాల కన్నా ఇక్కడ ఎక్కువ. పదిమందికి ఒకేసారి తగిలితే మూలిగేవాళ్ల దగ్గరికి కాదు, చచ్చినట్టు పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు పోవాలి. మామూలు ప్రమాదాల్లో చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు. ఎవరైనా చెబితే తప్ప ఇది ఎవరికీ తట్టదు.

ఆ వజ్రాల చేలకు దగ్గరలోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి బండలున్నాయి. వాటి మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండో శాసనంలో ఆ చక్రవర్తి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి, మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించిన సంగతి, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించిన సంగతి ఉంటుంది. బాటసారి ప్రాణం రాజ్యం బాధ్యత అని రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట మన కర్నూలు బండ మీద చెక్కించారు. ఆ బండను చూడటానికి పిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులు ఈ ఒక్క శాసనం దగ్గర కాసేపు ఎక్కువ నిలబడితే బాగుంటుంది.

ఇక ఎవరికి నేర్పాలి? పట్నం నుంచి వచ్చే సాహస యాత్రికుల కోసం ఈ శిక్షణలు కొన్నిచోట్ల జరుగుతున్నాయి. మంచిదే, గండికోట లోయలో తాడు కట్టి దిగే పిల్లలకు అవి కావాలి. కానీ వాళ్లు రెండు రోజులుండి పోతారు. అడవిలో ఏడాది పొడవునా ఉండేవాళ్లు వేరు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో కాపలా ఉండే చెంచు వాచర్లు, ఎర్రచందనం కోసం రోజుల తరబడి గుట్టల మీద గస్తీ తిరిగే బీట్ సిబ్బంది, అహోబిలంలో ముసలివాళ్లను భుజాన ఎత్తుకుపోయే డోలీ కూలీలు, గొర్రెల కాపరులు, తునికాకు కూలీలు, ఉగాది నడకదారిలో మజ్జిగ పోసే దాతలు. ఎవరు పడిపోయినా ముందు చేరేది వీళ్లే. చేరి, మోసేదీ వీళ్లే.

చెంచులకు మనం జాగ్రత్త నేర్పబోతున్నామని అనుకోవడం పొరపాటు. కొండ చరియకు తేనె కోసం దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలన్నది వాళ్ల కట్టుబాటని చెబుతారు. చెల్లెలు విధవ కావడం ఏ అన్నా కోరుకోడు కాబట్టి ఆ తాడు జారదు. ప్రమాదం గురించి తరతరాలుగా ఇంత లోతుగా ఆలోచించిన మనుషులు వాళ్లు. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ జాతివారి సహకార సంఘం పాములు పట్టి విషం తీసి ఇస్తోంది. దేశంలో పాముకాటు మందు తయారీకి చాలావరకు ఆ విషమే ఆధారం. అడవి తెలిసిన చేతులు ఆధునిక వైద్యంతో కలిస్తే ఎలా ఉంటుందో అక్కడ చూడవచ్చు. నల్లమలలో చెంచు యువతీ యువకులు ముందు శిక్షణ పొంది, తరువాత శిక్షకులు కావాలి. ఎక్కడి బండ మీద నిలబడితే ఫోన్ సిగ్నల్ అందుతుందో, ఏ వంకలో మే నెలలోనూ చెలమ తీస్తే నీళ్లొస్తాయో, రాత్రి ఏ దారిన పోకూడదో వాళ్లకు తెలిసినట్టు ఏ పుస్తకానికీ తెలియదు. రెండు వెదురు కర్రలూ ఒక దుప్పటీ ఇస్తే వాళ్లు కట్టే డోలీ, ఆసుపత్రి స్ట్రెచర్ దిగలేని మెట్లు దిగుతుంది. నడుం దెబ్బ తగిలినవాణ్ణి అందులో ఎలా ఎత్తాలి, ఎలుగుబంటి ముఖం చీల్చినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకుండా, రక్తం గొంతులోకి పోకుండా ముందుకు వంచి ఎలా కూర్చోబెట్టాలి, అంత మాత్రం మనం కలిపితే చాలు.

పాము మంత్రం వేసేవాళ్ల గురించి కూడా ఒక మాట. వాళ్లను తిట్టి, తరిమి సాధించింది ఏమీ లేదు. కాటు పడ్డ ఇంటివాళ్లు ముందు పరుగెత్తేది వాళ్ల గడపకే, ఇంకా చాలా ఏళ్లు అలాగే ఉంటుంది. ఆ గడప దగ్గర గంట ఆగిపోకుండా చూడటమే మన పని. మంత్రం వేసే తాతను శిక్షణకు పిలవాలి, కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. మంత్రం చదువుతూనే ఆటో ఎక్కమనాలి, ఆత్మకూరు దాకా చదవమనాలి. ఆయన మాట వింటే రోగి భయపడడు, కదలడు. కాటు పడ్డవాడికి కావలసింది సగం అదే.

మనిషి పక్కన కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన పనే. పావుగంటకొకసారి నాడి చూడాలి, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడో లెక్కపెట్టాలి, పేరు పెట్టి పిలిచి జవాబు వినాలి, దొరికిన కాగితం మీదో చేతి మీదో రాయాలి. కబురు తీసుకుపోయేవాడు నోటిమాటతో కాక ఆ చీటీతో పోవాలి: ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది. కర్నూలు పెద్దాసుపత్రికి, కడప రిమ్స్‌కు చేరే రోగి వెంట అలాంటి చీటీ ఒకటి వస్తే డాక్టరు అడగవలసిన సగం ప్రశ్నలు తగ్గుతాయి. ఈలోగా చీకటి పడితే నెగడు వేసుకోవాలి, ఒంటి మీద గొంగళి కప్పాలి. మే నెలలో కూడా రక్తం పోయిన మనిషికి చలి వేస్తుంది. “ఏం గాదులే, నేనుండా” అన్న మాటను మందుల జాబితాలో రాయరు. రాయాలి.

మరొక చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టుకోకూడదు. ముందుకొచ్చినవాణ్ణి పోలీసులు తిప్పుతారని, ఆసుపత్రిలో డబ్బు కట్టమంటారని జనం వెనకాడతారు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ దారిలో ఆదుకున్నవాళ్లకు రక్షణ ఇచ్చాయి. కానీ అది రోడ్డు ప్రమాదాల మాట. అడవిలో, అందునా రక్షిత అడవిలో, అసలు ఎందుకు ఉన్నావన్న ప్రశ్న ముందు వస్తుంది. 2025 శివరాత్రికి ముందు, రాత్రిపూట, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన అడవి దారిన తలకోనకు నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ దారిలో ఆ వేళ నడవకూడదని చెప్పడం తేలిక, చెప్పాలి కూడా. కానీ నడిచినవాళ్ల పక్కన ఉన్నవాళ్లు, గాయపడ్డవాళ్లను ఎత్తుకుని పరుగెత్తినవాళ్లు నేరస్తుల్లా భయపడే పరిస్థితి ఉండకూడదు. అటవీ శాఖ ఈ మాటను కాగితం మీద రాసి ప్రతి చెక్‌పోస్టు దగ్గరా అంటిస్తే భయం చాలా తగ్గుతుంది.

డబ్బు పెద్ద సమస్య కాదు. విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఆపద మిత్ర పేరుతో దేశమంతా వాలంటీర్లను తయారు చేస్తూనే ఉంది. ఆ పాఠంలో వరద ఎంత ఉందో, వడగాడ్పూ పాముకాటూ అంత ఉండాలి సీమ జిల్లాలకు. శ్రీశైలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ, దేవస్థానం, అటవీ శాఖ, కర్నూలు వైద్య కళాశాల కలిసి కూర్చుంటే ఏడాదికి నాలుగు తరగతులు పెద్ద భారం కాదు. ఒకటి సంక్రాంతి వెళ్లగానే వెంకటాపురంలో, శివరాత్రి, ఉగాది నడకలకు ముందు, తెలుగులోనూ కన్నడంలోనూ. ఒకటి మార్చిలో, ఎండ ముదరకముందు, అహోబిలం డోలీ కూలీలకు. ఒకటి మే చివర, తొలకరికి ముందు, తుగ్గలిలో. ఒకటి దసరా వెళ్లాక, అడవి పచ్చగా ఉన్నప్పుడు, లంకమల కింద కాపరులకు, వాచర్లకు. హాల్లో కాదు, గుట్ట మీద. ఒక పగలూ ఒక రాత్రీ. నిజంగా ఒక మనిషిని డోలీలో రెండు కిలోమీటర్లు మోసి చూస్తే, ఎంతమంది కావాలో, ఎక్కడ భుజం మార్చుకోవాలో, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది.

తరగతి అయ్యాక ప్రతి ఒక్కరి చేతిలో ఒక గుడ్డ సంచి పెట్టాలి. అందులో నాలుగు మూరల గట్టి గుడ్డలు, శుభ్రమైన దూది, ఉప్పు చక్కెర పొట్లాలు, సబ్బు ముక్క, కత్తెర, టార్చి, ఈల, పెన్సిలు, దళసరి అట్ట కాగితం. సంచి మీద దగ్గరి ఆసుపత్రి పేరు, అక్కడ పాముకాటు మందు ఉందో లేదో ఆ నెల చూసి రాయాలి. ఆ చివరి వరుస ప్రతి నెలా దిద్దే బాధ్యత ఎవరిదో పేరుతో సహా ముందే తేల్చాలి.